కారు ఆయిల్ ఛాంబర్ పగిలింది, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నేనే మార్చుకోవచ్చా?

మదనపల్లి_టమాటా
పోయిన ఆదివారం రాత్రి ఊరి నుంచి బెంగళూరు వస్తున్నాం. చింతామణి దాటాక, హోసకోట ఇంకా దూరం ఉందనగా, ఒక పల్లెలో హంప్. తెల్ల గీతల్లేవు, బోర్డు లేదు, వీధిదీపం లేదు. కార్లో నలుగురం, డిక్కీలో బియ్యం బస్తా, అమ్మ కట్టిచ్చిన టమాటా బుట్టలు రెండు. చివరి క్షణంలో చూసి బ్రేకు తొక్కాను. దాంతో కారు ముక్కు ఇంకా కిందికి వంగి గర్రుమని గీసుకుపోయింది. దిగి ఫోన్ లైటు వేసి చూస్తే ఏమీ కారడం లేదు. సరే అనుకుని మారతహళ్ళి దాకా వచ్చేశాం.

పొద్దున్నే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నా పార్కింగ్ ఫొటో. పళ్ళెమంత నల్ల మరక. కింద "సంబంధిత ఫ్లాట్ వారు గమనించగలరు" అని మర్యాదగా ఒక వాక్యం.

కింద పడుకుని చూశాను. ఇంజిన్ ఆయిల్ ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అడుగు సొట్టపోయింది, సొట్ట అంచున వెంట్రుకంత పగులు. నిమిషానికి మూడు నాలుగు చుక్కలు. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) మీద ఆయిల్ కింది గీత దగ్గరుంది. దగ్గర్లో ఉన్న షెడ్డులో అడిగితే మొత్తం 9,500 అన్నారు. అదే ఛాంబర్ ఆన్‌లైన్‌లో 1,900కి కనిపిస్తోంది. మిగతాదంతా దేనికో అర్థం కావడం లేదు.

నా అనుభవం: ఆయిల్ రెండుసార్లు మార్చుకున్నాను, బ్రేక్ ప్యాడ్లు ఒకసారి. బేస్‌మెంట్‌లో జాకీ వేసి ఇది చేసుకోగలనా? మా ఆవిడ మాత్రం "కుక్కర్ గాస్కెట్ మార్చమంటే ఆర్నెల్లు పట్టింది, ఇంజిన్ గాస్కెట్ మారుస్తారా" అంటోంది.

తొందర_తాతారావు
ఎం-సీల్ (పూస్తే గట్టిపడే ముద్ద) పెట్టు. అరగంట పని. పైన రెండు వేళ్ళ వెడల్పున గట్టిగా నొక్కితే చాలు. మా మామ కారు అలాగే ఏడాదిన్నర తిరిగింది.

పానా_పది
ఏడాదిన్నర తర్వాత ఏమైందో కూడా చెప్పు తాతారావూ.

తొందర_తాతారావు
అమ్మేశాడు.

పానా_పది
అదీ సంగతి 😄

టమాటా, ముందు ఒక మాట. ఆ కారు ఇక స్టార్ట్ చేయకు. షెడ్డుకైనా సరే టో చేయించు. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. అది వెలిగాక "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకున్నవాళ్ళు ఇంజిన్ మొత్తం విప్పించుకున్నారు.

సిల్క్‌బోర్డు_బాధితుడు
ఏ కారు గురూ? అది చెప్పకుండా సలహాలేమిటి?

మదనపల్లి_టమాటా
పదకొండేళ్ళ పెట్రోల్ చిన్న కారు. పేరు చెబితే ఆ కంపెనీ మంచిదా కాదా అని ఇక్కడ మూడు పేజీలు నడుస్తుంది, నా ఛాంబర్ సంగతి అందరూ మర్చిపోతారు. రేకు ఛాంబర్, అల్యూమినియం కాదు. గాస్కెట్ లేదు, పేస్టుతోనే అతికించి ఉంది. మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల పైచిలుకు ఆయిల్ అని ఉంది.

సిల్క్‌బోర్డు_బాధితుడు
తెలివైనోడివే.

పాలసీ_పంతులు
ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫుల్ పాలసీ ఉంటే హంప్ తగిలి ఛాంబర్ పగలడం యాక్సిడెంట్ కిందికే వస్తుంది, క్లెయిమ్ అవుతుంది. కానీ లెక్క వేసుకో. 1,500 సీసీ లోపు కారుకి 1,000 రూపాయలు తప్పనిసరిగా నీ చేతి నుంచి పోతాయి. పాత కారు కాబట్టి తరుగు కింద లోహపు భాగాలకీ కోత ఉంటుంది. ఆయిల్, పేస్టు లాంటి ఖర్చయిపోయే సరుకుకి విడిగా యాడ్-ఆన్ (అదనపు కవర్) లేకపోతే రూపాయి రాదు. అన్నిటికంటే ముఖ్యం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్ళకి ప్రీమియంలో దొరికే తగ్గింపు. నీకెంత ఉంది?

మదనపల్లి_టమాటా
50 శాతం.

పాలసీ_పంతులు
ఐదేళ్ళు కాపాడుకున్నదాన్ని ఒక రేకు డబ్బా కోసం సున్నా చేసుకోకు. నీ జేబులోంచే పెట్టుకో.

పానా_పది చెప్పినదానికి మా వైపు నుంచి ఇంకోటి. పగిలిన ఛాంబర్‌తో అలాగే నడిపి ఇంజిన్ పట్టేస్తే, దాన్ని తర్వాత జరిగిన నష్టం కింద లెక్కేస్తారు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకపోతే ఇవ్వరు. "హంప్ తగలడం వల్లే కదా సార్" అని ఎంత మొత్తుకున్నా లాభం లేదు. ఇలాంటి ఫైళ్ళు నా టేబుల్ మీద చాలా చూశాను.

ఒంగోలు_గిత్త
వెల్డింగ్ చేయిస్తే పోలేదా? రేకే కదా. కలాసిపాళ్యలో ఐదారొందలకి చేసి ఇస్తారు.

పానా_పది
వెల్డింగ్‌కైనా ఛాంబర్ ఊడదీయాలిగా. ఊడదీశాక 1,900 పెట్టి కొత్తది వేయకుండా పాతదానికి అతుకెందుకు? ఆయిల్ అంటిన రేకు మీద వెల్డింగ్ సూది రంధ్రాలు వదులుతుంది, వేడికి అంచు వంకర పోతుంది. అంచు వంకరైతే ఎంత పేస్టు పెట్టినా కారుతుంది.

ఒంగోలు_గిత్త
మాది అల్యూమినియం ఛాంబర్. ఆర్గాన్ వెల్డింగ్ చేయించి నాలుగేళ్ళయింది, చుక్క కారలేదు. అన్నిటికీ ఒకటే మంత్రం చదవొద్దు. నాకు కొత్తది 14,000 చెప్పారు మరి.

పానా_పది
14,000 అయితే నేనూ ఆర్గానే చేయిస్తా. ఒప్పుకున్నా.

చెన్నై_చిన్నోడు
మాకు ఇక్కడ పుదుపేట ఉంది కాబట్టి సెకండ్ హ్యాండ్‌కే పోతాం. నేనూ పోయాను. 700కి ఛాంబర్, తళతళా నల్ల రంగు వేసి ఉంది. ఇంటికొచ్చి థిన్నర్‌తో తుడిస్తే రంగు కింద పాత వెల్డింగ్ బయటపడింది. మళ్ళీ వెళ్ళి అడిగితే "రంగు ఎవరు తుడవమన్నారు సార్" అన్నాడు.

సిల్క్‌బోర్డు_బాధితుడు
😂😂 న్యాయమైన ప్రశ్న.

రిటైర్డ్_ఫిట్టర్
నేను బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అబ్బాయి దగ్గర వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. పొద్దుపోక ఇవన్నీ చదువుతుంటాను. ఈ పని ఇంట్లో చేసుకోవచ్చు బాబూ. కష్టమైన పని కాదు, ఓపిక కావాల్సిన పని. తొందరపడే మనిషైతే మాత్రం షెడ్డుకిచ్చేయడం మంచిది.

ఎం-సీల్ అన్నాయన చెప్పింది దారిలో ఇరుక్కున్నప్పుడు ఇల్లు చేరడానికి పనికొస్తుంది. అంతవరకే. పగులు ఒక్కటే అయితే వేరు. నీ ఛాంబర్ సొట్ట కూడా పోయింది. ఛాంబర్ లోపల అడుగుకి కొంచెం ఎత్తులో జల్లెడ మూతి ఉంటుంది. పంపు దాంట్లోంచే ఆయిల్ పీలుస్తుంది. అడుగు పైకి నొక్కుకుపోతే ఆ సందు మూసుకుపోతుంది. బయట కారడం ఆపినా లోపల ఇంజిన్ దాహంతో చస్తుంది. మలుపుల్లో ఎర్ర దీపం మిణుకుమంటే కారణం చాలాసార్లు ఇదే. అందుకని ఛాంబర్ దించాక ఆ జల్లెడ వంగిందేమో, పైపు కదిలిందేమో తప్పక చూడు.

ఇప్పుడు పని. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ దించాలి. నీది స్టార్ట్ చేయొద్దన్నారు కాబట్టి చల్లగానే దించు, కాసేపు ఎక్కువ పడుతుంది అంతే. ఛాంబర్ కింద సైలెన్సర్ పైపు అడ్డం పోతుందేమో చూసుకో. పోతే దాన్ని విప్పాలి. ఆ నట్లు తుప్పుపట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు నూనె కొట్టి వదిలేయ్. అసలు గంటలు తినేది అదే, ఛాంబర్ కాదు. షెడ్డువాడు 9,500 అన్నదాంట్లో కూలి ఎక్కువ కనిపించడానికీ అదే కారణం. అతన్ని దొంగ అనుకోకు.

ఛాంబర్ బోల్టులు సాధారణంగా 10 నంబర్ పానావి. అన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద ఛాంబర్ ఆకారం గీసి, చుట్టూ చిల్లులు పెట్టి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చు. పొడవుది తీసి పొట్టిదాని చోట బిగిస్తే ఇంజిన్ బ్లాకు పగలొచ్చు. అప్పుడు 9,500 చవకనిపిస్తుంది.

బోల్టులు తీసినా ఛాంబర్ రాదు, పేస్టు పట్టుకుని ఉంటుంది. స్క్రూ డ్రైవర్ పెట్టి ఎత్తొద్దు. బ్లాకు అంచు మీద గీత పడితే ఆ గీతలోంచి జీవితాంతం కారుతుంది. పలుచని పుట్టీ బ్లేడు ఒక మూల నుంచి దూర్చి, రబ్బరు సుత్తితో నెమ్మదిగా తడుతూ చుట్టూ తిరిగి రావాలి.

దించాక ఆ రోజుకి పని ఆపేయ్. ఇది ఎవరూ చెప్పరు. బ్లాకు లోపలి నుంచి గంటల తరబడి ఆయిల్ చుక్కలు జారుతూనే ఉంటాయి. నువ్వు పేస్టు పెట్టేలోపు ఒక్క చుక్క అంచు మీద పడితే అక్కడ అతకదు. కింద టబ్ పెట్టి రాత్రంతా వదిలేయ్. మర్నాడు పాత పేస్టు ప్లాస్టిక్ ముక్కతో గీకి, థిన్నర్ గుడ్డతో తుడిచి, వేలితో రుద్దితే కీచుమనాలి. అప్పుడు పేస్టు.

మదనపల్లి_టమాటా
మాస్టారూ, ఇది ప్రింట్ తీసి పెట్టుకుంటున్నా. ఏ పేస్టు? ఎంత మందం?

రిటైర్డ్_ఫిట్టర్
ఆయిల్‌కి తట్టుకునే సిలికాన్ గాస్కెట్ పేస్టు ఏదైనా. మూడు మిల్లీమీటర్ల తాడులా, ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాలకి లోపలి వైపు నుంచి పోవాలి. ఎక్కువ పెట్టావంటే ఆ ఎక్కువంతా లోపలికి పిండుకుని, గట్టిపడి, ముక్కలై ఆ జల్లెడకే అడ్డం పడుతుంది. ఇంజిన్లు బయటికి కారి పాడైనవాటికంటే లోపల పేస్టు ముక్కలు అడ్డంపడి పాడైనవి నేనెక్కువ చూశాను.

చెన్నై_చిన్నోడు
అనబాండ్ ట్యూబ్ తీసుకో అన్నా. మా మద్రాసు సరుకు. ఇక్కడ మెకానిక్కులు పేస్టు అనరు, అనబాండ్ అనే అంటారు.

గుంటూరు_ఘాటు
అందరూ పేస్టు గురించే మాట్లాడుతున్నారు. కారు కింద మనిషి దూరుతున్నాడు, దాని గురించి ఎవరూ మాట్లాడరే?

కారుతో వచ్చే వంకీ జాకీ స్టెప్నీ మార్చడానికి. దాని మీద కారు నిలబెట్టి కిందికి దూరితే ఒకటే ప్రార్థన మిగులుతుంది. కారు బరువు మోసే స్టాండ్లు కొను, జత రెండు మూడు వేలలో వస్తాయి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. నేల చదునుగా ఉండాలి, ర్యాంపు దగ్గర వద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి రెండువైపులా చెక్క దిమ్మెలు. స్టాండ్ల మీదికి దించాక భుజంతో కారుని గట్టిగా ఊపి చూడు. పడేదేదో నువ్వు కింద లేనప్పుడే పడనీ. విప్పిన చక్రాలు పక్కన దొర్లించకు, కారు తలుపుల కింది అంచు కింద పడుకోబెట్టు. స్టాండు మోసం చేసినా చక్రం ఆపుతుంది.

ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళు. బేస్‌మెంట్‌లో ఫోన్ సిగ్నల్ ఉండదు.

మదనపల్లి_టమాటా
అక్కా, మీరే చేసుకుంటారా ఇవన్నీ?

గుంటూరు_ఘాటు
పెళ్ళికి ముందు నుంచీ. మా ఆయన టార్చ్ పట్టుకుంటాడు, అదీ పక్కకి పట్టుకుంటాడు.

నా తప్పు కూడా చెబుతా. మొదటిసారి ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ బోల్టు (ఆయిల్ దించే రంధ్రానికి ఉండే బోల్టు) "ఇంకొంచెం, ఇంకొంచెం" అని బిగించి మర తినేశాను. ఆ ఛాంబరూ మార్చాల్సొచ్చింది. అందుకే టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే పానా) కొన్నాను.

తొందర_తాతారావు
చేతి లెక్క తెలియనివాళ్ళకి టార్క్ రెంచ్. మా మెకానిక్కు జీవితంలో అది చూసి ఉండడు.

రిటైర్డ్_ఫిట్టర్
బాబూ, ముప్పై ఏళ్ళు పానా పట్టిన చేతికి లెక్క ఉంటుంది. ఆదివారం పట్టే చేతికి ఉండదు. ఆ చిన్న ఎం6 బోల్టులకి 10 న్యూటన్ మీటర్ల బిగింపు చుట్టుపక్కల చాలు. అది ఎంత తక్కువంటే, నువ్వు చేత్తో "సరిగ్గా బిగించాను" అనుకునేసరికి దాటిపోయి ఉంటుంది. కచ్చితమైన అంకె నీ మాన్యువల్‌లో చూసుకో. నడుమ నుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించు.

సిల్క్‌బోర్డు_బాధితుడు
అసలు హంప్ కట్టినవాడిని పట్టుకోవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో రాసిన లెక్క ప్రకారం గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా. ముందు బోర్డు, మీద చారలు. మన దారుల్లో ఉన్నవి ఎలాంటివి? అడుగు వెడల్పున తారు గుట్ట పోసి, పైన లారీ ఒకటి ఎక్కించి నొక్కుతారు.

ఒంగోలు_గిత్త
ఆ పల్లెవాళ్ళ పిల్లలు రోడ్డు దాటాలిగా. వాళ్ళు కట్టుకున్నారు. 80లో పోయేది మనమే.

మదనపల్లి_టమాటా
నేను 50లోనే ఉన్నా గిత్తా. బియ్యం బస్తా 80 కిలోల మీద ఉంది, నలుగురు మనుషులు. కారు అప్పటికే కూర్చుండిపోయింది.

సిల్క్‌బోర్డు_బాధితుడు
టమాటాలు బాగున్నాయా?

మదనపల్లి_టమాటా
ఒక బుట్ట చట్నీ అయిపోయింది. ఎవరూ అడగరేమో అనుకున్నా 😀

ఒంగోలు_గిత్త
కింద ఇంజిన్ గార్డ్ వేయించుకో, గొడవ వదిలిపోద్ది.

పానా_పది
వేయించుకో, కానీ ఇంజిన్‌కీ గార్డుకీ మధ్య జాగా ఉందో లేదో చూసుకో. నా ఫ్రెండ్‌కి గార్డే వంగి ఛాంబర్‌ని గుద్దింది. పైగా గార్డు ఉంటే కారడం మొదలైనా కనపడదు. నీ మరక ఫొటో తీసిన సెక్రటరీకి నువ్వు టీ ఇప్పించాలి నిజానికి.

మదనపల్లి_టమాటా
శుక్రవారం అప్‌డేట్. జేసీ రోడ్డుకి వెళ్ళాను. మూడో షాపులో దొరికింది. 2,150 అన్నాడు, ఆన్‌లైన్ ధర చూపిస్తే "అది బోల్టు రంధ్రాలు లెక్కపెట్టుకుని కొన్నావా?" అని అడిగాడు కన్నడంలో. నిజంగానే నా మోడల్‌కి రెండు రకాలున్నాయట, ఒక ఏడాది నుంచి డ్రెయిన్ బోల్టు చోటు మారింది. ఫోన్‌లో ఫొటో చూపిస్తే పెట్టెలోంచి తీసిచ్చాడు. ఛాంబర్, డ్రెయిన్ వాషర్, ఫిల్టర్, పేస్టు అన్నీ కలిపి 2,900. మూడున్నర లీటర్ల డబ్బా ఆయిల్ 1,700. స్టాండ్లు 2,400, అవి నా సొంతం అయినట్టేగా.

అసోసియేషన్ సెక్రటరీ గారితో మాట్లాడాను. "స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి సార్" (కొంచెం సర్దుకోండి సార్) అని నేనంటే, ఆయన నవ్వి, మూల విజిటర్స్ పార్కింగ్ శని, ఆది రెండు రోజులు ఇచ్చారు. కింద పాత ఫ్లెక్సీ పరవాలనీ, చుక్క పడితే కడిగే ఖర్చు నాదేననీ షరతు.

గుంటూరు_ఘాటు
ఫ్లెక్సీ మీద ఒక అట్ట వేసుకో. ఆయిల్ పడిన ఫ్లెక్సీ జారుడుబండే.

పానా_పది
బ్రేక్ క్లీనర్ (జిడ్డు వదిలించే స్ప్రే) కొంటే మూసేసిన బేస్‌మెంట్‌లో డబ్బా మొత్తం కొట్టొద్దు. ఆవిరికి తల తిరుగుద్ది, అంటుకుంటుంది కూడా. గుడ్డ మీద కొట్టుకుని తుడువు. పెట్రోల్‌తో కడగాలనే ఆలోచన ఎవరైనా ఇస్తే తాతారావే అనుకో.

తొందర_తాతారావు
నేనింకా ఆ సలహా ఇవ్వలేదు!

పానా_పది
ముందుజాగ్రత్త.

రిటైర్డ్_ఫిట్టర్
ఒక చిట్కా మర్చిపోయాను. అదే మరకి సరిపోయే పొడవు బోల్టులు రెండు కొని తలలు కోయించు. ఎదురెదురు మూలల్లో బ్లాకుకి చేత్తో మరబిగించు. పేస్టు పెట్టిన ఛాంబర్‌ని ఆ రెండు ఊచల మీదుగా తిన్నగా పైకి జరపొచ్చు. పడుకుని, రెండు చేతులతో ఎత్తి, రంధ్రాలు వెతుక్కుంటూ అటూ ఇటూ జరిపితే పేస్టంతా పూసుకుపోతుంది. నాలుగు బోల్టులు పట్టాక ఊచలు తీసేసి వాటి చోట అసలు బోల్టులు పెట్టు.

చెన్నై_చిన్నోడు
ఈ ఒక్క పోస్టు కోసం ఈ చర్చ దాచుకుంటున్నా.

మదనపల్లి_టమాటా
ఆదివారం రాత్రి పదకొండు. పడుకునే ముందు రాస్తున్నా, చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి.

శనివారం పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టాను. జాకీ, స్టాండ్లు, ఊపి చూడటం, అన్నీ ఘాటు అక్క చెప్పినట్టే. ఊపుతుంటే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి ఆపాడు, నేను కారు బోర్లాపడేస్తున్నా అనుకున్నాడు. ఆయిల్ దించడం అరగంట. తర్వాత సైలెన్సర్ పైపు. మూడు నట్లు. రెండు వచ్చాయి. మూడోది మధ్యాహ్నం రెండింటి దాకా రాలేదు. తుప్పు నూనె, సుత్తి, మళ్ళీ తుప్పు నూనె. మధ్యలో పానా జారి మెటికలు గీసుకుపోయాయి. మా నాన్న కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని "అది ఎడమవైపు తిప్పాలిరా" అని నాలుగుసార్లు చెప్పారు. చివరికి నట్టు తిరగలేదు, అది ఎక్కే స్టడ్డే (మర ఉన్న ఊచ) విరిగింది. అదృష్టం బాగుండి అది పైపు వైపు విరిగింది. కింద వీధిలో బైక్ మెకానిక్ కుర్రాడు డ్రిల్ తెచ్చి 200కి తీసిచ్చాడు, కొత్త బోల్టూ నట్టూ వేశాడు. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. అసలు పని ఛాంబర్ కాదు.

ఛాంబర్ బోల్టులు అరగంటలో వచ్చేశాయి. అట్టముక్కకి గుచ్చాను. మూడు పొడవువి. పుట్టీ బ్లేడు, రబ్బరు సుత్తి. ఒక మూల కదిలాక మిగతాది ప్చక్ మని ఊడింది. లోపల చూస్తే సొట్ట జల్లెడకి దాదాపు ఆనుకునే ఉంది. మధ్యలో ఒక వేలిగోరు పట్టే సందు. ఎం-సీల్ పెట్టి ఉంటే ఇది నాకు తెలిసేదే కాదు. జల్లెడ వంగలేదు, కానీ మూతిలో పాత పేస్టు ముక్కలు రెండు ఇరుక్కుని ఉన్నాయి. నేను కొన్నది సెకండ్ హ్యాండ్ కారు, ముందెవరో ఛాంబర్ విప్పి ఎడాపెడా పేస్టు పూసినట్టున్నారు. వాటిని చిమటాతో తీశాను.

రాత్రంతా వదిలేశాను. పొద్దున టబ్‌లో ఇంకో పావు గ్లాసు ఆయిల్ ఉంది. నమ్మలేదు నేను, ఇంతకుముందే అంతా కారిపోయిందనుకున్నా. గీకడం, తుడవడం రెండు గంటలు. కీచుమనేదాకా. ఊచల చిట్కాతో ఛాంబర్ మొదటిసారికే కూర్చుంది. టార్క్ రెంచ్ ఆఫీసులో ఒకతని దగ్గర అప్పు తెచ్చాను. క్లిక్ మన్నప్పుడు "ఇంతేనా?" అనిపించింది, ఇంకో పావు చుట్టు తిప్పాలని చెయ్యి దురద పెట్టింది. ఆపుకున్నాను.

ఇప్పుడు ఆయిల్ పోయకుండా వదిలేశా. ట్యూబు మీద 24 గంటలు అని ఉంది. రేపు సాయంత్రం పోస్తాను.

గుంటూరు_ఘాటు
మెటికలకి పసుపు పెట్టావా?

మదనపల్లి_టమాటా
మా ఆవిడ పెట్టింది. కుక్కర్ గురించి మళ్ళీ మాట్లాడలేదు.

తొందర_తాతారావు
24 గంటలెందుకు? నేనైతే రెండు గంటల్లో పోసేవాడిని.

పానా_పది
తెలుసు తాతారావూ.

మదనపల్లి_టమాటా
సోమవారం సాయంత్రం ఆయిల్ పోశాను. ఫిల్టర్ కూడా సగం నింపి బిగించాను. స్టార్ట్ చేయగానే ఎర్ర దీపం రెండు మూడు సెకన్లు ఉండి పోయింది. ఆ మూడు సెకన్లు నా గుండె ఎక్కడుందో నాకు తెలీదు. ఐదు నిమిషాలు నడిపి, ఆపి, లెవెల్ చూసి ఇంకో కప్పు పోశాను.

కానీ రాత్రి తొమ్మిదికి దిగి చూస్తే కింద అట్ట మీద ఒక చుక్క. చిన్నది. అప్పటినుంచి టెన్షన్. పేస్టు పోయిందా?

రిటైర్డ్_ఫిట్టర్
కంగారుపడకు. చుట్టూ పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, అంచుల మీద టాల్కమ్ పౌడర్ చల్లు. పది నిమిషాలు ఇంజిన్ నడుపు. తడిసిన చోటే పౌడర్ నల్లబడుతుంది, కారేది ఎక్కడినుంచో అదే చూపిస్తుంది. చుక్క పడేది ఎప్పుడూ అన్నిటికంటే కిందున్న చోటినుంచి, కారేది పైనెక్కడో.

మదనపల్లి_టమాటా
మాస్టారూ! అంచు మొత్తం తెల్లగా ఉంది. డ్రెయిన్ బోల్టు దగ్గర నల్లబడింది. విప్పి చూస్తే, కొత్త వాషర్ నా చొక్కా జేబులో ఉంది. పాతదే వేసి బిగించాను 🤦

సిల్క్‌బోర్డు_బాధితుడు
😂😂😂

గుంటూరు_ఘాటు
ఆ వాషర్ మెత్తటి లోహం. ఒకసారి నలిగి బోల్టుకి అతికినట్టు సర్దుకుంటుంది. రెండోసారి నలగడానికి దాంట్లో ఏమీ మిగలదు. ఇప్పుడు మూడు లీటర్లు మళ్ళీ దించాలి నువ్వు. శుభ్రమైన టబ్‌లో పట్టి అదే పోసుకో.

మదనపల్లి_టమాటా
చేశాను అక్కా. ఐదు రోజులైంది, 140 కిలోమీటర్లు తిరిగాను. అట్ట తెల్లగా ఉంది. మొత్తం ఖర్చు, స్టాండ్లు తీసేస్తే, 4,800. అయితే రెండున్నర రోజులు. షెడ్డు అతను 9,500 అన్నప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు ఆ మూడో నట్టు గుర్తొస్తే రాదు.

పాత ఆయిల్ క్యాన్‌లో ఉంది. ఏం చేయాలి?

ఒంగోలు_గిత్త
మా ఊళ్ళో అయితే గుమ్మాల చెక్కకి చెదలు పట్టకుండా పూసేవాళ్ళు.

పానా_పది
ఇక్కడ పూయడానికి గుమ్మాలేవి, ఫ్లాట్ తలుపులు లామినేట్. డ్రైనేజీలో మాత్రం పోయొద్దు. ఈ వైపు నీళ్ళు ఎటు పోతాయో తెలుసుగా, బెళ్ళందూరు చెరువు. 2017లో, 2018లో అది అంటుకుంటే మా బాల్కనీ దాకా పొగ. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. షెడ్డుల్లో పీపాలో పోసి ఉంచుతారు, అనుమతి ఉన్న రీసైక్లర్లు వచ్చి తీసుకుపోతారు. ఆ 9,500 అతని దగ్గరికే తీసుకెళ్ళు, కాదనడు.

మదనపల్లి_టమాటా
వెళ్ళాను. తీసుకున్నాడు. ఛాంబర్ ఎక్కడ మార్పించావని అడిగాడు. నేనే మార్చానంటే కింద పడుకుని చూసి, "పేస్టు తక్కువే పెట్టావే" అన్నాడు. అది మెచ్చుకోలో విమర్శో అడగలేదు.

రిటైర్డ్_ఫిట్టర్
మెచ్చుకోలే.

హూడి_కడపోడు
ఇన్నాళ్ళూ చదువుతూనే ఉన్నా, మాట్లాడలేదు. నిన్న నాదీ తగిలింది, ఇంట్లోంచి బయటికొచ్చే ర్యాంపు మీదే. అన్నా, ఆ స్టాండ్లు ఈ శనివారం ఇస్తావా? నేను హూడిలోనే.

మదనపల్లి_టమాటా
ఇస్తా. తలలు కోసిన బోల్టులు కూడా ఉన్నాయి, మర సరిపోతుందేమో చూసుకో. వాషర్ మాత్రం చొక్కా జేబులో పెట్టుకోకు తమ్ముడూ.